యూకేలో పాత కాగితం డ్రైవింగ్ లైసెన్సును ఫోటోకార్డుగా మార్చుకోవడం ఎలా

మీ పిన్నీ బాబాయిలో, అత్తా మామయ్యలో యూకేకి వచ్చి ముప్పై ఐదేళ్లు దాటిందా? అయితే ఈసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు డ్రైవింగ్ లైసెన్సు ఒకసారి చూపించమనండి. గులాబీ రంగుదో, ఆకుపచ్చదో ఒక కాగితం, మడతలు పెట్టి ప్లాస్టిక్ కవర్లో దూర్చి, బీరువాలో పాస్‌పోర్టుల కింద భద్రంగా పెట్టి ఉంటే, ఫోటో అనేదే లేకపోతే, ఇది మీకోసమే.

మా బాబాయి గుంటూరులో మెడిసిన్ చదివి 1980ల చివర్లో ఇక్కడ హాస్పిటల్ ఉద్యోగానికి వచ్చారు. 1991లో డ్రైవింగ్ టెస్టు పాసయ్యారు. అప్పుడిచ్చిన కాగితమే మొన్నమొన్నటిదాకా ఆయన లైసెన్సు. ఇన్నేళ్లలో దాన్ని బయటికి తీయాల్సిన అవసరం పెద్దగా రాలేదు, వచ్చినప్పుడు మాత్రం వరసగా వచ్చింది. స్పెయిన్‌కి సెలవులకి వెళ్తే కారు అద్దెకిచ్చే కౌంటర్ దగ్గర ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఫోటో ఉన్నది ఏదైనా ఉందా అని అడిగారు. ఆ తర్వాత ఓటు వేయడానికి ఆ కాగితం పట్టుకుని వెళ్తే కుదరదన్నారు, ఎందుకంటే ఇంగ్లండ్‌లో 2023 మే నుంచి ఓటు వేయాలంటే ఫోటో ఉన్న గుర్తింపు చూపించాల్సిందే. ఆయన వానలో ఇంటికి వెళ్లి పాస్‌పోర్టు తెచ్చుకుని మళ్లీ లైన్లో నిలబడ్డారు. ఆ రాత్రే నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, దీని సంగతి చూడరా" అన్నారు. పిన్నిది కూడా కాగితమే కాబట్టి ఇద్దరివీ కలిపి చేశాం, అప్పుడు తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

ఎవరికి వర్తించదో ముందే చెప్పేస్తాను. ఇది ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో ఉన్నవాళ్లకి. ఈ మూడింటికీ లైసెన్సులిచ్చేది స్వాన్సీలో ఉన్న ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ. ఉత్తర ఐర్లండ్‌కి వేరే ఆఫీసు, వేరే పద్ధతి ఉన్నాయి. ఇక ఈమధ్యే ఇండియా నుంచి వచ్చి, "నా హైదరాబాద్ లైసెన్సుని ఇక్కడి కార్డుగా మార్చుకోవచ్చా" అని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. కుదరదండీ. లైసెన్సు నేరుగా మార్చి ఇచ్చే దేశాల జాబితాలో ఇండియా లేదు. ఇక్కడ స్థిరపడిన రోజు నుంచి పన్నెండు నెలలు మన లైసెన్సుతో నడపొచ్చు, ఆ తర్వాత ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్లకి ఇచ్చే లైసెన్సు) తీసుకుని థియరీ, ప్రాక్టికల్ టెస్టులు పాసవ్వాలి.

ముందు తేల్చుకోండి: ఇప్పుడే మార్చాలా?

చాలామంది ఇక్కడే టెన్షన్ పడతారు. కాగితం లైసెన్సు చెల్లదనే మాట వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది కదా, అది తప్పు. 1998లో ఫోటోకార్డులు వచ్చాయి. అంతకుముందు ఇచ్చిన కాగితం లైసెన్సు, దాని మీదున్న పేరూ అడ్రసూ సరైనవే అయితే, దాని గడువు తీరేదాకా, అంటే మామూలుగా డెబ్భై ఏళ్లు నిండేదాకా, చట్టప్రకారం చెల్లుతుంది. పోలీసులు ఆపినా ఇబ్బంది లేదు.

ఈ గందరగోళం ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1998 తర్వాత ఫోటోకార్డు ఇచ్చినప్పుడు దానితో పాటు ఒక కాగితం కూడా ఇచ్చేవాళ్లు, దాన్ని కౌంటర్‌పార్ట్ అంటారు. ట్రాఫిక్ తప్పులకి వేసే పెనాల్టీ పాయింట్లూ అవీ దాని మీద ఉండేవి. 2015 జూన్ 8 నుంచి రద్దయింది ఆ కౌంటర్‌పార్టే. మీ దగ్గర కార్డు ఉండి, తోడుగా ఆ కాగితం కూడా ఉంటే, మీరు చేయాల్సింది ఏమీ లేదు, కార్డు ఒక్కటి చాలు. కార్డు అసలు లేకుండా కాగితం మాత్రమే ఉంటే, అదే మీ లైసెన్సు. దాన్ని కౌంటర్‌పార్ట్ అనుకుని పొరపాటున చించేయకండి.

మరి చెల్లుతున్నప్పుడు ఎందుకు మార్చడం? నా ఉద్దేశంలో మూడు సందర్భాల్లో ఆలస్యం చేయకూడదు. ఒకటి, ఇల్లు మారి పాత అడ్రసే ఉండిపోయి ఉంటే. అడ్రసు మార్పు చెప్పకపోతే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు, పైగా అడ్రసు మార్పుతో పాటు కార్డు ఉచితంగానే వస్తుంది. రెండు, పేరు మారి ఉంటే. పెళ్లయ్యాక పేరు మారినా లైసెన్సు మీద పుట్టింటి పేరే ఉండిపోయిన ఆడవాళ్లు మనలో చాలామంది, మా పిన్నితో సహా. దీనికీ ఫీజు లేదు. మూడు, విదేశాల్లో కారు నడిపే అలవాటు ఉంటే. కాగితం లైసెన్సు ఉన్నవాళ్లని కొన్ని యూరప్ దేశాలు అదనంగా ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా అడుగుతాయి.

ఆగడమే మంచిదైన సందర్భం కూడా ఒకటుంది. అరవై తొమ్మిది దాటి డెబ్భైకి దగ్గర్లో ఉన్నవాళ్లయితే, వేరే తొందర లేనప్పుడు, ఇప్పుడు ఇరవై పౌండ్లు కట్టి మార్చుకోవడం దండగ. డెబ్భయ్యో పుట్టినరోజుకి తొంభై రోజుల ముందు డీవీఎల్ఏ తనంతట తానే ఫారం పంపిస్తుంది, ఆ రెన్యువల్ ఉచితం, అప్పుడు వచ్చేది ఫోటోకార్డే. అడ్రసు సరిగ్గా ఉంటేనే ఆ ఫారం ఇంటికి చేరుతుందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

మొదటి పని: పాత కాగితాన్ని చదవండి, కాపీ తీయండి

ఇది అందరూ వదిలేసే మెట్టు, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించిన మెట్టు కూడా ఇదే. కార్డు కోసం దరఖాస్తు చేసేటప్పుడు పాత కాగితాన్ని వెనక్కి పంపేయాలి, అది మళ్లీ మీ చేతికి రాదు. ఇన్నేళ్లుగా మీరు ఏయే వాహనాలు నడపడానికి అర్హులో చూపించే ఆధారం మీ చేతిలో అదొక్కటే. కాబట్టి పూర్తిగా మడత విప్పి, రెండు వైపులా రంగుల్లో స్కాన్ చేయండి, స్కానర్ లేకపోతే ఫోన్‌తో మంచి వెలుతురులో ఫోటోలు తీయండి. చివరి అంచుల్లో ఉన్న చిన్న అక్షరాలు కూడా చదవగలిగేలా ఉండాలి. ఆ ఫైల్‌ని మీకు మీరే ఈమెయిల్ చేసి పెట్టుకోండి.

ఇప్పుడు దాని మీద ఏముందో చదవండి. 1997 జనవరి 1కి ముందు కారు టెస్టు పాసైనవాళ్లకి, ఆ తర్వాత పాసైనవాళ్లకి లేని అర్హతలు కొన్ని ఉన్నాయి. వాహనాల రకాలని కేటగిరీలుగా అక్షరాలతో రాస్తారు, కారుకి బీ. దానితో పాటు సీ1, అంటే మూడున్నర టన్నుల నుంచి ఏడున్నర టన్నుల దాకా బరువుండే వాహనాలు, పెద్ద మోటార్‌హోమ్‌లు ఇందులోకే వస్తాయి. డీ1, అంటే పదహారు మంది ప్రయాణికుల దాకా పట్టే మినీబస్సు, కిరాయికి కాకుండా. ఈ తరువాతి రెండూ కొత్తగా కావాలంటే ఇప్పటివాళ్లు వేరే టెస్టులు పాసవ్వాలి, మెడికల్ చేయించుకోవాలి. మీ పిన్నీ బాబాయిలకి అవి ఊరికే వచ్చి ఉన్నాయి, పోగొట్టుకుంటే మళ్లీ ఊరికే రావు. మా బాబాయి పండగలప్పుడు గుడి వాలంటీర్లని మినీబస్సులో తీసుకెళ్తుంటారు, డబ్బు తీసుకోరు. ఆయనకి ఆ డీ1 ఎంత పనికొస్తుందో ఆయనకే తెలియదు, కాగితం విప్పి చూపించేదాకా.

ఇంకా పాతవి, ఆకుపచ్చ కాగితాల మీద కేటగిరీలు కాకుండా గ్రూపులు రాసి ఉంటాయి. అక్కడ జాగ్రత్త. పాత గ్రూప్ ఏ అంటే కారు, ఇప్పటి కేటగిరీ ఏ అంటే మోటార్‌సైకిల్. పాత గ్రూప్ డీ అంటే మోటార్‌సైకిల్, ఇప్పటి డీ అంటే బస్సు. అక్షరం ఒకటే కదా అని సరిపోల్చేసుకోకండి. కుర్రతనంలో మోటార్‌సైకిల్ టెస్టు కూడా పాసై ఉంటే ఆ సంగతి విడిగా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, కార్డు వచ్చాక చూసుకోవాలి.

కాగితం లైసెన్సు అసలు కనిపించకపోతే? కంగారు పడొద్దు. దరఖాస్తులో అది పోయిందని రాయాలి, పోయినదానికి బదులు ఇచ్చే కార్డు ఫీజు కూడా ఇరవై పౌండ్లే. తర్వాత దొరికితే పాతదాన్ని డీవీఎల్ఏకి పంపించేయాలి.

రెండో పని: పేరూ పుట్టినతేదీ సరిచూసుకోండి

ఇంగ్లీషువాళ్లకి రాసిన గైడ్లలో ఈ భాగం రెండు లైన్లుంటుంది. మనకి మాత్రం దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

మన పేర్లలో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఇక్కడ సర్‌నేమ్ చివర. ముప్పై ఏళ్ల క్రితం వచ్చినవాళ్లు ఒకచోట ఇంటిపేరుని సర్‌నేమ్‌గా రాశారు, ఇంకోచోట తమ పేరులో చివరి ముక్కని సర్‌నేమ్‌గా రాశారు, వేరొకచోట ఇంటిపేరు పొడి అక్షరాలతో సరిపెట్టేశారు. పాస్‌పోర్టు తీసి పక్కన పెట్టుకుని, లైసెన్సు మీద ఉన్న సర్‌నేమ్, మొదటి పేర్లు అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే దాన్ని పేరు మార్పుగానే చూపించాలి, ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని తెలిపే ఆధారం జత చేయాలి. పెళ్లి వల్ల మారితే మ్యారేజ్ సర్టిఫికెట్, ఇక్కడే మార్చుకుని ఉంటే డీడ్ పోల్, అంటే పేరు మార్చుకున్నట్టు రాసుకునే చట్టపరమైన పత్రం. పిన్ని విషయంలో మ్యారేజ్ సర్టిఫికెట్ ఒరిజినల్ కోసం అటక మీది పెట్టెలన్నీ దింపాల్సి వచ్చింది. మీరు ఫారం తెచ్చుకోకముందే ఆ పని చేసి పెట్టుకోండి.

పుట్టినతేదీ ఇంకో తలనొప్పి. మన పెద్దవాళ్లలో చాలామందికి రెండు పుట్టినతేదీలుంటాయి, అమ్మ చెప్పిన అసలుది ఒకటి, బడిలో చేర్పించేటప్పుడు రాయించినది ఒకటి. లైసెన్సు మీద ఏది ఉందో చూడటానికి డ్రైవర్ నంబరే చాలు. అందులో పదహారు అక్షరాలూ అంకెలూ ఉంటాయి, వాటిని చదవడం తేలికే. మొదటి ఐదు సర్‌నేమ్‌లోని ఇంగ్లీషు అక్షరాలు, సర్‌నేమ్ రావు లాగా ఇంగ్లీషులో మూడక్షరాలే అయితే మిగతా రెండు చోట్లా 9లు పడతాయి. తర్వాతి ఆరంకెల్లో పుట్టినతేదీ దాగి ఉంటుంది: పుట్టిన సంవత్సరంలో దశాబ్దం అంకె, నెల, రోజు, చివరికి సంవత్సరంలోని ఆఖరి అంకె. ఉదాహరణకి 1960 మార్చి 14న పుట్టినవాళ్లకి 603140 వస్తుంది. ఆడవాళ్లయితే నెలలో మొదటి అంకెకి ఐదు కలుపుతారు, అదే తేదీ 653140 అవుతుంది. ఆ తర్వాత మొదటి పేర్ల పొడి అక్షరాలు రెండు, ఒక్క పేరే ఉంటే రెండోచోట 9. ఆఖరి మూడూ డీవీఎల్ఏ సొంతంగా వేసుకునేవి. ఇందులో కనిపించే తేదీకీ పాస్‌పోర్టు మీది తేదీకీ తేడా ఉంటే, ఫారం పంపేముందే డీవీఎల్ఏకి ఫోన్ చేసి ఏ ఆధారాలు కావాలో అడగండి. పంపాక తెలిస్తే ఉత్తరాలు అటూ ఇటూ తిరుగుతూ నెలలు గడిచిపోతాయి.

మూడో పని: ఫారం, ఫోటో, ఫీజు

గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనల్లో వచ్చే సైట్లు కొన్ని ఫారం చెక్ చేసి పెడతాం అంటూ అదనంగా డబ్బు అడుగుతాయి. వాటి జోలికి వెళ్లకండి. ప్రభుత్వ సైటు గవ్.యూకే ఒక్కటే. అక్కడ కాగితం లైసెన్సుని ఫోటోకార్డుగా మార్చుకునే పేజీ ఉంటుంది, దాన్ని చదివాకే మొదలుపెట్టండి. నేను ఇక్కడ చెప్పేది పోస్టు దారి, పెద్దవాళ్లకి ఇదే సుఖం అనిపించింది నాకు, ఎలాగూ పాత కాగితం పోస్టులో పంపాల్సిందే కదా.

కావాల్సిన ఫారం పేరు డీ1. డీవీఎల్ఏ పనులు చూసే పోస్టాఫీసుల్లో ఉచితంగా దొరుకుతుంది, గవ్.యూకేలో ఆర్డర్ చేస్తే ఇంటికే పంపిస్తారు. పైన చెప్పిన మినీబస్సు కేటగిరీ పేరు కూడా డీ1 కావడంతో మా ఇంట్లో ఫోన్లో మాట్లాడుకునేటప్పుడు రెండుసార్లు అయోమయం వచ్చింది. ఫారం వేరు, కేటగిరీ వేరు. లారీ, బస్సు లైసెన్సులున్నవాళ్ల ఫారం డీ2, అది మామూలు కారు డ్రైవర్లకి అక్కర్లేదు.

నల్ల ఇంకు పెన్నుతో పెద్ద అక్షరాల్లో నింపండి. గత మూడేళ్లలో ఎక్కడెక్కడ ఉన్నారో ఆ అడ్రసులూ, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరూ దగ్గర పెట్టుకుని కూర్చుంటే మధ్యలో లేవక్కర్లేదు. సంతకం పెట్టె దగ్గర నెమ్మదిగా ఉండండి. ఆ సంతకాన్నే స్కాన్ చేసి కార్డు మీద వేస్తారు, గీత పెట్టె దాటకూడదు. వయసులో చేయి వణికేవాళ్లయితే ముందు తెల్ల కాగితం మీద అంతే సైజు పెట్టె గీసుకుని నాలుగైదుసార్లు సాధన చేయమనండి. మా పిన్ని అలాగే చేసింది.

ఫోటో పాస్‌పోర్టు ఫోటో సైజే, 45 మిల్లీమీటర్ల ఎత్తు, 35 మిల్లీమీటర్ల వెడల్పు, రంగుల్లో, ఈమధ్య తీసినది. ముఖం స్పష్టంగా కనబడాలి, ముఖం మీద నీడలు ఉండకూడదు, చలువ కళ్లద్దాలు వద్దు. బొట్టు పెట్టుకుని దిగితే ఏమైనా అంటారా అని పిన్ని అడిగింది. ఆమె పాస్‌పోర్టు ఫోటో బొట్టుతోనే ఉంది, ఇదీ అలాగే దిగింది, ఏ ఇబ్బందీ రాలేదు.

గుర్తింపు విషయానికొస్తే, బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి తేలిక. తొమ్మిది అంకెల పాస్‌పోర్టు నంబరు ఫారంలో రాస్తే డీవీఎల్ఏ పాస్‌పోర్టు ఆఫీసుతో సరిచూసుకుంటుంది. ఇండియన్ పాస్‌పోర్టుతోనే ఇక్కడ స్థిరపడినవాళ్లు ఫారంతో వచ్చే బుక్‌లెట్లో ఏయే పత్రాలు ఒప్పుకుంటారో చూసి పంపాలి, పంపేది ఒరిజినల్ కావాలి, జిరాక్స్ పనికిరాదు. అందుకే సంక్రాంతికో, ఇంట్లో పెళ్లికో ఇండియా టికెట్లు బుక్ చేసి ఉంటే, తిరిగి వచ్చాకే ఈ పని పెట్టుకోండి. పాస్‌పోర్టు పోస్టులో ఉండగా అక్కడి నుంచి కబురొస్తే ఆ బాధ చెప్పలేం.

ఫీజు ఇరవై పౌండ్లు. పేరో అడ్రసో మారుస్తుంటే ఉచితం అని ముందే చెప్పాను కదా, మా ఇంట్లో బాబాయికి ఇరవై పడింది, పిన్నికి ఏమీ పడలేదు. చెక్కు గానీ పోస్టల్ ఆర్డరు గానీ డీవీఎల్ఏ పేరు మీద పంపాలి, కవర్లో నోట్లు పెట్టకూడదు. చెక్కు వెనక పేరూ అడ్రసూ రాస్తే మంచిది.

ఆరోగ్యం ప్రశ్నలు

ఫారంలో చూపు గురించీ జబ్బుల గురించీ అడుగుతారు. ఇక్కడ దాచడం మనవాళ్లలో కొందరికి అలవాటు, షుగర్ అని రాస్తే లైసెన్సు లాగేసుకుంటారేమో అని భయం. నిజం రాయండి. కారు లైసెన్సుకైతే, ఇన్సులిన్ తీసుకుంటున్నవాళ్లు డీవీఎల్ఏకి తప్పకుండా చెప్పాలి, అలా చెప్పినవాళ్లలో ఎంతోమంది హాయిగా బళ్లు నడుపుకుంటూనే ఉన్నారు. మాత్రలతో సరిపోతున్నవాళ్లు మీ డయాబెటిస్ నర్సుని ఒక మాట అడగండి, మందుని బట్టి, షుగర్ పడిపోయే సందర్భాలని బట్టి ఉంటుంది. చెప్పాల్సిన జబ్బు చెప్పకపోతే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా, ప్రమాదం జరిగితే కేసు కూడా అవ్వొచ్చు.

చూపుకి ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. పగటి వెలుతురులో ఇరవై మీటర్ల దూరం నుంచి ఆగి ఉన్న కారు నంబర్ ప్లేటు చదవగలగాలి, అద్దాలు పెట్టుకుని చదివినా పర్వాలేదు. ఇరవై మీటర్లంటే వరసగా నిలిపిన నాలుగైదు కార్ల పొడవు. బాబాయి చదవగలిగారు, పిన్ని తడబడింది. వెంటనే ఆప్టీషియన్ దగ్గరికి తీసుకెళ్తే అద్దాల పవర్ మారిందన్నారు, కొత్త అద్దాలు వచ్చాకే ఫారం పంపాం.

నాలుగో పని: పంపడం, ఎదురుచూడటం

కవర్లో ఏమేం పెట్టాలో చివరిసారి చూసుకోండి: నింపి సంతకం చేసిన ఫారం, పాత కాగితం లైసెన్సు, ఫోటో, ఫీజు, అవసరమైతే ఒరిజినల్ పత్రాలు. అడ్రసు ఫారం మీదే ఉంటుంది. మామూలు స్టాంపుతో పంపకండి, పోస్టాఫీసులో ట్రాకింగ్ ఉన్నదో, స్పెషల్ డెలివరీయో చేయించి రసీదు దాచుకోండి. పాస్‌పోర్టో మ్యారేజ్ సర్టిఫికెట్టో పంపుతుంటే, అవి తిరిగి భద్రంగా రావడానికి మీ అడ్రసు రాసిన స్పెషల్ డెలివరీ కవరు కూడా ముందే డబ్బు కట్టి లోపల పెట్టండి. కొన్ని పౌండ్ల ఖర్చే, ప్రశాంతంగా నిద్రపడుతుంది.

మామూలుగా మూడు వారాల్లో కార్డు వస్తుంది. ఆరోగ్యం గురించి ఏమైనా రాసి ఉంటే ఇంకా ఆలస్యం అవుతుంది.

ఈలోగా బండి నడపొచ్చా? చేతిలో లైసెన్సు లేదు కదా అని బాబాయి మూడు రోజులు బస్సులో తిరిగారు. అక్కర్లేదు. ఆయన లైసెన్సు గడువు తీరలేదు, కార్డు రూపంలోకి మారుతోంది అంతే. గడువు తీరి రెన్యువల్‌కి పంపినవాళ్లకి కూడా 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టంలో సెక్షన్ 88 అని ఒకటుంది. అంతకుముందు సరైన లైసెన్సు ఉండి, దరఖాస్తు సరిగ్గా డీవీఎల్ఏకి చేరి, కోర్టు నిషేధం లేకుండా, ఆరోగ్యపరంగా నడపొద్దని డాక్టరు చెప్పకుండా ఉంటే, నిర్ణయం వచ్చేదాకా నడుపుకోవచ్చు. ఆ సెక్షన్ రెన్యువల్ సమయంలో పెద్దవాళ్లకి బాగా పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఐదో పని: కార్డు రాగానే వెనక్కి తిప్పండి

అందరూ ముందు ఫోటో చూసుకుని, బాగా వచ్చిందా లేదా అని మాట్లాడుకుని, పర్సులో పెట్టేస్తారు. ఆగండి. స్కాన్ చేసి పెట్టుకున్న పాత కాగితాన్ని తెరిచి పక్కన పెట్టుకోండి.

ముందువైపు 1 సర్‌నేమ్, 2 మొదటి పేర్లు, 3 పుట్టినతేదీ, పుట్టిన దేశం. 4ఏ కార్డు ఇచ్చిన తేదీ, 4బీ కార్డు గడువు, 5 డ్రైవర్ నంబరు, 8 అడ్రసు. పేరు మార్చి ఉంటే డ్రైవర్ నంబరు కూడా మారుతుంది, దాన్ని కారు ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పాలి. చాలామంది ఇది మర్చిపోతారు.

వెనకవైపు బొమ్మలతో కేటగిరీల పట్టిక ఉంటుంది. ఒక్కో వరసలో 10 కింద ఎప్పటినుంచి, 11 కింద ఎప్పటిదాకా, 12 కింద కోడ్‌లు. బీ ఉందా, సీ1 ఉందా, డీ1 ఉందా, మోటార్‌సైకిల్ టెస్టు పాసై ఉంటే ఏ ఉందా, ఒక్కొక్కటీ టిక్ పెట్టుకోండి. డీ1 పక్కన 101 అని ఉంటే భయపడకండి, కిరాయికి నడపకూడదని దాని అర్థం, పాత కాగితం మీదా ఆ షరతే ఉంది. 01 అంటే అద్దాలు పెట్టుకుని నడపాలి. 78 అంటే ఆటోమేటిక్ మాత్రమే. మాన్యువల్ టెస్టు పాసైన మనిషి కార్డు మీద 78 ఉంటే అది సరిచేయించుకోవాల్సిన తప్పు.

ఏదైనా కేటగిరీ లేకపోతే, "మేమెప్పుడు లారీ నడిపేది, పోనీలే" అని వదిలేయకండి. వెంటనే డీవీఎల్ఏకి రాయండి, పాత లైసెన్సు కాపీ జత చేయండి. మొదట్లో కాపీ తీయమన్నది ఇందుకే. పదేళ్ల తర్వాత గమనిస్తే చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

ఆ తర్వాత

కార్డు మీద రెండు రకాల గడువులుంటాయని పెద్దవాళ్లకి విడమరిచి చెప్పండి. వెనకవైపు ఉన్నవి నడిపే హక్కు గడువులు. ముందువైపు 4బీ కార్డు గడువు, ఫోటో పాతబడుతుంది కాబట్టి పదేళ్లకోసారి మార్చాలి. ఆన్‌లైన్‌లో 14 పౌండ్లు, పోస్టులో 17. దీన్ని మర్చిపోతే కూడా వెయ్యి పౌండ్ల దాకా జరిమానా ఉంది. కాగితం లైసెన్సుకి ఈ బెడద లేదు, అందుకే ముప్పై ఏళ్లు దాన్ని పట్టించుకోనివాళ్లకి కొత్త అలవాటు చేయాలి. నేను ఇద్దరి 4బీ తేదీలూ నా ఫోన్ క్యాలెండర్లో వేసుకున్నాను. డెబ్భై దాటాక మూడేళ్లకోసారి రెన్యువల్, అది ఉచితం. అయితే డెబ్భై నిండగానే సీ1, డీ1 ఆగిపోతాయి, ఉంచుకోవాలంటే డీ2 ఫారంతో పాటు డాక్టరు నింపిన మెడికల్ రిపోర్టు పంపాలి. గుడి మినీబస్సు నడిపేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

కారు అద్దెకి తీసుకునేటప్పుడు కార్డుతో పాటు ఒక కోడ్ అడగొచ్చు. గవ్.యూకేలో డ్రైవర్ నంబరు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, పోస్ట్‌కోడ్ ఇస్తే మీ లైసెన్సు వివరాలు కనిపిస్తాయి, అక్కడే కోడ్ తీసుకోవచ్చు. అది ఇరవై ఒక్క రోజులే పనిచేస్తుంది, ఒక్కసారే వాడగలరు, కాబట్టి ప్రయాణానికి ముందు వారంలో తీసుకోండి. కేటగిరీలన్నీ డీవీఎల్ఏ రికార్డులో ఉన్నాయా అని చూసుకోవడానికీ ఈ పేజీ పనికొస్తుంది. పాత కాగితం పంపేముందు ఒకసారి, కార్డు వచ్చాక ఒకసారి తెరిచి రెండిటి స్క్రీన్‌షాట్లూ దాచుకుంటే ఇంకా మంచిది.

విజయవాడలోనో విశాఖలోనో అన్నయ్య కారు నడపాలనుకుంటే బ్రిటిష్ కార్డుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లండి. ఇండియాకి కావాల్సింది 1949 రకం, అంటే 1949 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఇచ్చేది, పన్నెండు నెలలు చెల్లుతుంది, ఐదున్నర పౌండ్లు. 2024 ఏప్రిల్ నుంచి ఇది పోస్టాఫీసుల్లో కాదు, పేపాయింట్ ఉన్న దుకాణాల్లో ఇస్తున్నారు. కార్డూ, ఒక పాస్‌పోర్టు ఫోటో పట్టుకెళ్తే చాలు. కాగితం లైసెన్సు ఉన్నన్నాళ్లూ దీనికి కూడా పాస్‌పోర్టు తోడు తీసుకెళ్లాల్సి వచ్చేది.